నిప్పురవ్వకు వేళ చెప్పినవాడు

ఇరవయ్యో శతాబ్ది మొదటి సంవత్సరాలలో అమెరికా దేశంలో మోటారుకారు తోలడం శ్రీమంతుల వేడుకే గాని, నిర్భయమైన వేడుక కాదు. బండిని కదిలించదలచినవాడు ముందుగా స్టీరింగు చక్రం వద్దనున్న చిన్న మీటను వెనుకకు జరపాలి. తరువాత కిందికి దిగి, బండి ముందుభాగంలో ఇనుప హ్యాండిలు దూర్చి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాలి. మీటను జరపడం మరచిపోయాడా, సిలిండరులో నిప్పు వేళకు ముందే రాజుకొనేది. పైకి రావలసిన పిస్టను వెనుకకు మళ్లేది. దానితోపాటు చేతిలోని హ్యాండిలు విసురుగా ఎదురు తిరిగేది. అలా మణికట్టు విరగగొట్టుకొన్నవారికి ఆ రోజులలో కొదవ లేదు. కార్ల తయారీదారుడైన బైరన్ కార్టరు, దారిలో ఆగిపోయిన ఒక స్త్రీ కారుకు సాయం చేయబోయి దవడకు దెబ్బ తిని, దాని ఫలితంగా 1908లో మరణించాడని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. కథలోని వివరాలను శంకించిన చరిత్రకారులు లేకపోలేదు. హ్యాండిలు దెబ్బ ప్రాణం మీదికి తేగలదన్న సంగతిని మాత్రం ఆనాటివారెవరూ శంకించలేదు.

ఇంతటి అనర్థానికి మూలం గురిగింజంతైనా లేని ఒక నిప్పురవ్వ. దానిని కోరిన క్షణానికి, కోరిన సిలిండరులో, తప్పకుండా పుట్టించే విద్యుత్సాధనాన్ని లోకంలోని కార్లకు అలవాటు చేసినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగు. ఆయన జీవితంలోని కీర్తికీ ఆ రవ్వే మూలం. ఆయన పేరుకు అంటిన మచ్చకూ, కొంచెం దూరం వెనుకకు నడిచి చూస్తే, ఆ రవ్వే మూలం.

ఒహాయో రాష్ట్రంలో లౌడన్‌విల్ అనే చిన్న ఊరికి సమీపంలోని పొలంలో 1876 ఆగస్టు 29వ తేదీన ఆయన జన్మించాడు. వారిది సేద్యం చేసుకొని బ్రదికే కుటుంబం. పిల్లవాని తెలివి ఎంత చురుకైనదో చూపు అంత మందమైనది. కొంతసేపు చదివేసరికి తలనొప్పి పట్టుకొనేది. పుస్తకం మీదకంటె చెవి మీద, చేతి మీద ఎక్కువగా ఆధారపడే స్వభావం ఆయనకు బాల్యంలోనే ఏర్పడి ఉంటుంది. పై చదువులకు పోకముందు ఆయన కొంతకాలం పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడన్న సంగతి మన ఉపాధ్యాయులు ఒకసారి తలచుకోదగినది. సాయంకాలాలలో పిల్లలను చేరదీసి అయస్కాంతమంటే ఏమిటో, విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో, ఉష్ణం ఏమి చేస్తుందో, వస్తువులు కిందికే ఎందుకు పడతాయో ప్రయోగాలతో చూపించేవాడు. ఆ పాఠాలకు పరీక్షలు లేవు. అయినా పిల్లలు వచ్చేవారు.

కాలేజీలో చేరిన తరువాత కళ్లు మళ్లీ మొరాయించాయి. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, నడుమ చదువు మానుకొని, టెలిఫోను స్తంభాలు పాతే ముఠాలో పనికి కుదిరాడు. గోతులు తవ్వడం, తీగలు లాగడం, తెగినచోట అతకడం అక్కడ నేర్చుకొన్నాడు. త్వరలోనే ఆ ముఠాకు మేస్త్రీ అయ్యాడు. ఆరోగ్యం కుదుటపడ్డాక తిరిగి విశ్వవిద్యాలయానికి పోయి, తోటి విద్యార్థులు పాఠాలు పైకి చదువుతుంటే విని గ్రహించి, 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టం పొందాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైయేడు. మన దేశంలో ఆ వయస్సుకు చదువు ముగించని యువకుని గురించి చుట్టపక్కాలు ఏమనుకొంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఆ సంవత్సరమే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. దుకాణాలలో డబ్బు లెక్క చూపి, సొరుగు తెరిచే యంత్రాలను ఆ కంపెనీ చేసేది. వాటిని చేతితో తిప్పే బాధ లేకుండా విద్యుత్తుతో నడిపించడం కెటరింగు పని. మోటారు పెద్దదైతేగాని పని జరగదని అనుకొంటున్న కాలం. కెటరింగు మరొక విధంగా ఆలోచించాడు: ఈ మోటారు దినమంతా నడవవలసినది కాదు; ఒక్క క్షణం గట్టిగా తిరిగి ఆగిపోతే చాలు; క్షణకాలపు శ్రమకు చిన్న మోటారు కూడా తట్టుకొంటుంది. చిన్నదిగా తోచే ఈ తర్కం ముందుముందు ఆయనకు ఎంత అక్కరకు వచ్చిందో చూడవచ్చు. 1905లో ఆలివ్ విలియమ్స్‌ను వివాహమాడాడు. వారికి ఒక్కడే కుమారుడు.

అదే కంపెనీలో ఎడ్వర్డ్ డీడ్స్ అనే పెద్ద ఉద్యోగి ఉండేవాడు. ఆయన ఇంటి వెనుక ఒక కొట్టం ఉన్నది. పగలు కంపెనీలో పనిచేసి, రాత్రులూ సెలవుదినాలూ కెటరింగు, మరి కొందరు మిత్రులు ఆ కొట్టంలో చేరేవారు. వారు చేపట్టినది కార్ల ఇగ్నిషన్ సమస్య. ఆనాటి కార్లలో కొన్నిటికి మాగ్నెటో ఉండేది. అది ఖరీదైనది, హ్యాండిలు మెల్లగా తిప్పినప్పుడు బలమైన రవ్వను ఇవ్వదు. కొన్నిటికి పొడి బ్యాటరీలు, గిలగిల కొట్టుకొంటూ రవ్వల జల్లు కురిపించే కాయిళ్లు ఉండేవి. అవి బ్యాటరీలను త్వరత్వరగా తాగివేసేవి. జల్లు దేనికి, వేళకు పడిన ఒక్క గట్టి రవ్వ చాలదా అన్నది కెటరింగు ప్రశ్న. కాయిలులోకి కరెంటును నింపి, సరియైన క్షణంలో ఒక్కసారిగా తెంచితే, ఆ తెంపులోనుంచే వేల వోల్టుల విద్యుత్తు పుట్టి ప్లగ్గు మొనల నడుమ దూకుతుంది. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లీలండు ఆ పరికరాన్ని చూచి 1909లో వేల సంఖ్యలో కొంటానన్నాడు. చేసి ఇవ్వడానికి కర్మాగారం లేదు. అప్పుడు కెటరింగు, డీడ్స్ కలిసి డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీని స్థాపించారు. ఆ పేరులోని తొలి అక్షరాల కూర్పే డెల్కో.

ఈ విధానం క్రమంగా కుదురుకొని డిస్ట్రిబ్యూటర్ అనే చిన్న కుండలో ఇమిడింది. దాని గొప్పతనం తెలియాలంటే వేళ లెక్క తెలియాలి. పెట్రోలు ఆవిరి అంటుకొన్న మరుక్షణంలోనే కాలిపోదు. సెకండులో వెయ్యో వంతులు రెండో మూడో పడుతుంది. కనుక పిస్టను కొసకు చేరకముందే రవ్వ పడాలి. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నప్పుడు వెయ్యో వంతు సెకండులో ఇరుసు సుమారు మూడున్నర డిగ్రీలు తిరుగుతుంది. 3,600 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇరవై ఒకటిన్నర డిగ్రీలకు పైగా తిరుగుతుంది. అనగా వేగం పెరిగినకొద్దీ రవ్వ మరింత ముందుగా పడాలి. రావలసినదానికంటె ముందు పడితే పిస్టనుకు ఎదురుదెబ్బ; ఆలస్యమైతే సగం బలం పొగగొట్టం పాలు. వెనుకటి రోజులలో స్టీరింగు దగ్గరి మీటతో తోలేవాడు చేసిన ఈ సవరణను, తరువాతి డిస్ట్రిబ్యూటర్లలో స్ప్రింగులతో బిగించిన చిన్న బరువులు తమంతట తామే చేయసాగాయి. వేగానికి ఆ బరువులు వెలుపలికి విచ్చుకొని, పాయింట్లను విప్పే క్యామును ముందుకు తిప్పుతాయి.

అయితే ఆ బరువులు చేసే సవరణకు ఒక మొదలు ఉండాలి గదా! ఆ మొదలును మెకానిక్కు చేతితో నిర్ణయించాలి. డిస్ట్రిబ్యూటరును ఇంజనులో పట్టి ఉంచే బోల్టును వదులు చేసి, లోపలి రోటరు తిరిగే దిక్కుకు ఎదురుగా కుండను కొంచెం తిప్పితే రవ్వ ముందుకు వస్తుంది. రోటరు దిక్కుకే తిప్పితే వెనుకబడుతుంది. ఇంజను ముందుభాగపు చక్రం మీది గుర్తును దాని చోటికి తెచ్చి, కాయిలుకూ డిస్ట్రిబ్యూటరుకూ నడుమనున్న తీగ నుంచి ఇంజను లోహానికి ఒక చిన్న బల్బు తగిలిస్తే, పాయింట్లు విడివడిన క్షణాన అది వెలుగుతుంది. ఆ వెలుగు దగ్గర కుండను ఆపి బోల్టు బిగించాలి. చెప్పడానికి ఇంతే. విజయవాడ ఆటోనగరు షెడ్డులలో పాత పెట్రోలు అంబాసిడర్ల మీద చేయి తిరిగినవారిని అడిగితే చేయడంలోని కష్టం చెబుతారు. కుండ అల్యూమినియం, ఇంజను దిమ్మ పోత ఇనుము. ఏళ్ల తరబడి చెమ్మ, మాడిన నూనె ఆ సందులో పేరుకొని రెంటినీ ఒక్కటిగా కరిపించివేస్తాయి. బోల్టు పూర్తిగా ఊడదీసినా కుండ కదలదు.

అట్టి సమయంలో తొందర పనికిరాదు. సుత్తితో కొడితే అల్యూమినియం పగులుతుంది. పై మూతను పట్టి మెలిపెడితే అది విరుగుతుంది. పలుచని నూనెను సందులోకి దించి రాత్రంతా విడిచిపెట్టాలి. మరునాడు ఇంజనును వేడిచేసి, చల్లారనిచ్చి, మళ్లీ నూనె పోయాలి. అప్పుడు కుండను రెండు చేతులా పట్టి అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి ఆడించాలి. ఓపిక లేనివారు కుండ జోలికి పోకుండా పాయింట్ల ఎడాన్ని మార్చి పని జరుపుకొంటారు. ఎడం పెంచితే పాయింట్లు ముందుగా విడివడతాయి, తగ్గిస్తే ఆలస్యంగా విడివడతాయి, నిజమే. కాని కాయిలు నిండడానికి పట్టే వ్యవధి కూడా దానితోపాటు మారిపోతుంది గనుక అది దొంగ సవరణ. లోపలి బరువులే తుప్పుపట్టి బిగిసిపోయిన ఇంజనుల సంగతి వేరు. రోటరును వేళ్లతో కొంచెం మెలిపెట్టి విడిచినప్పుడు అది వెంటనే వెనుకకు రావాలి. రాలేదంటే ఆ ఇంజను ఎంత వేగంలోనైనా ఒకే వేళకు రవ్వ వేస్తూ, బలహీనపడి వేడెక్కుతుంది.

రవ్వ కుదిరింది గాని హ్యాండిలు బాధ మిగిలే ఉన్నది. కారును విద్యుత్తుతో తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని పలువురు ఇంజనీర్ల అభిప్రాయం. నగదు యంత్రం నేర్పిన పాఠాన్ని కెటరింగు ఇక్కడ మళ్లీ చదువుకొన్నాడు. కొన్ని క్షణాలపాటే తిరిగే మోటారు చిన్నదైనా చాలు. 1911లో సెల్ఫ్ స్టార్టరు సిద్ధమైంది. 1912 నమూనా కాడిలాక్ కార్లన్నిటికీ దానిని అమర్చారు. భుజబలం లేనివారు, వృద్ధులు, స్త్రీలు ఒంటరిగా కారు తోలగలిగినది అప్పటినుంచే.

ఇక్కడికి ఆయన జీవితం ఒక విజయగాథ. ఇటుపై కథ అంత సుగమం కాదు.

కొత్త ఇగ్నిషన్ వచ్చిన కార్లు ఎత్తులెక్కేటప్పుడు ఇంజనులో సుత్తితో కొట్టినట్లు మోత వినబడసాగింది. కెటరింగు బ్యాటరీ ఇగ్నిషనే ఈ పాపానికి కారణమని పోటీదారులు ప్రచారం చేశారు. డిస్ట్రిబ్యూటరును కొంచెం వెనుకకు తిప్పితే మోత తగ్గేమాట నిజం; అప్పుడు బలమూ తగ్గేది. తన రవ్వ మీద పడిన నింద తుడుచుకోవాలన్న పట్టుదల కెటరింగుకు కలిగింది. 1916లో తనవద్ద చేరిన థామస్ మిడ్జిలీ అనే యువకునికి ఈ పని అప్పగించాడు. సిలిండరులోని ఒత్తిడిని క్షణక్షణం నమోదు చేసి చూడగా దోషం రవ్వది కాదని తేలింది. రవ్వ వేళకే పడుతున్నది; మంట సగం దూరం వ్యాపించాక, ఇంకా కాలని చివరి భాగం ఒత్తిడికి తట్టుకోలేక ఒక్కసారిగా పేలిపోతున్నది. తప్పు ఇంధనంలో ఉన్నది.

అప్పుడు కెటరింగుకు ఒక అడవిపువ్వు జ్ఞాపకం వచ్చిందట. ఎర్రని వెన్నుగల ఆకులతో మంచు కిందనే పూచే మొక్క అది. ఎరుపు వేడిని త్వరగా గ్రహిస్తుందేమో, ఇంధనానికి ఎర్రరంగు కలిపితే ముందుగా ఆవిరై సక్రమంగా కాలుతుందేమో అని తోచింది. ఎర్రరంగు దొరకక మిడ్జిలీ అయొడిన్ కలిపాడు, మోత తగ్గిపోయింది. తరువాత నిజమైన ఎర్రరంగులు తెచ్చి కలిపితే ఏమీ కాలేదు. ఊహ తప్పు, ఫలితం ఒప్పు! విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇటువంటి అదృష్టాలు అక్కడక్కడ కనబడుతూనే ఉంటాయి. అయొడిన్ ఖరీదు ఎక్కువ, లోహాన్ని తినివేస్తుంది. అనిలిన్, సెలీనియం, టెలూరియం మొదలగు వాటిని పరీక్షించారు. టెలూరియం వాసన ఒంటికి పట్టుకొని ఎంత కడిగినా వదలలేదు. చివరకు 1921 డిసెంబరు 9వ తేదీన టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని వేసి చూశారు. వేయి పాళ్లకు ఒక పాలైనా నిండని మోతాదుకు మోత పూర్తిగా ఆగిపోయింది.

అప్పటికి కెటరింగు జనరల్ మోటార్స్ కంపెనీ పరిశోధనశాలలకు అధిపతి. ఒత్తిడి పెంచిన ఇంజనులు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోగలవని, భూమిలోని చమురు దానివల్ల ఆదా అవుతుందని ఆయన ఆశించాడు. ఆ ఆశలో కపటం లేదు. కాని సీసం విషమని తెలియనివారెవరు? అది కొత్త సంగతి కాదు. మిడ్జిలీయే ఆ ద్రవ్యంతో పనిచేసి జబ్బుపడి 1923లో విశ్రాంతికి పోవలసివచ్చింది. ఆ సంవత్సరమే సీసపు పెట్రోలు డేటన్ నగరంలో అమ్మకానికి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రంలో, ఆ ద్రవ్యాన్ని తయారుచేస్తున్న బేవే చమురుశాలలో, పనివారు మతిచలించి కేకలు వేయసాగారు. అయిదుగురు మరణించారు, పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలైనారు. న్యూయార్కు నగరం ఆ పెట్రోలును నిషేధించింది.

1925 మే నెలలో వాషింగ్టనులో ప్రభుత్వ వైద్యాధికారి సభ జరిపాడు. హార్వర్డుకు చెందిన ఆలిస్ హామిల్టను, యేలుకు చెందిన యాండెల్ హెండర్సను దీనిని గట్టిగా ఎదిరించారు. కర్మాగారంలోని పనివానికి ముసుగు తొడగవచ్చు, వీధిలో నడిచే కోట్ల జనానికి ఎవరు ముసుగు తొడుగుతారన్నది వారి వాదం సారాంశం. కెటరింగు సీసం పక్షాన మాట్లాడాడు. కొన్ని నెలల పరిశీలన అనంతరం నిపుణుల సంఘం, నిషేధించడానికి తగిన ఆధారం కనబడలేదని, అయితే పరిశోధన కొనసాగవలెనని చెప్పింది. నివేదికలోని మొదటి మాట అమలులోకి వచ్చింది. రెండవ మాట తయారీదారుల ఖర్చుతో జరిగే పరిశోధనలకే చాలాకాలం పరిమితమైంది.

కెటరింగును ఇక్కడ సమర్థించడం కష్టం. మద్యసారం కలిపినా మోత ఆగుతుందని ఆయన పరిశోధనశాలకు సీసం దొరకకముందే తెలుసు; మిడ్జిలీ స్వయంగా మద్యసారపు మిశ్రమంతో కారు నడిపి చూపించాడు. కాని మద్యసారం నూటికి ఇరవై ముప్పై పాళ్లు కలపాలి. అది ఎవరైనా కాచుకోగల వస్తువు, దాని మీద పేటెంటు లాభం లేదు. సీసం చిటికెడు చాలు, పేటెంటు కంపెనీది. ఒకనాడు జల్లు వద్దు, ఒక్క రవ్వ చాలునన్న మనస్సుకే చిటికెడు సీసం కూడా నచ్చి ఉండవచ్చు. ఆ చిటికెడు కొన్ని కోట్ల పొగగొట్టాల గుండా గాలిలోకి పోతే ఏమవుతుందో, వైద్యులు ఎదుట నిలిచి చెప్పిన తరువాత కూడా ఆయన లెక్కించకపోవడమే ఆశ్చర్యం, విచారం.

మిగిలిన చరిత్ర త్వరగా చెప్పుకోవచ్చు. గాలితో చల్లబడే రాగి రెక్కల ఇంజనును ఆయన ఎంతో ప్రేమతో చేశాడు. 1923లో అమ్మిన కార్లను కంపెనీ వెనుకకు తెప్పించుకోవలసివచ్చినంతగా అది విఫలమైంది. రైళ్లను లాగే తేలికైన డీజిల్ ఇంజనును సాధించడంలో విజయం పొందాడు. 1928లో ఆయన ప్రేరణ మీద మిడ్జిలీ కనిపెట్టిన ఫ్రీయాన్, ఆహారాన్ని చల్లబరచే పెట్టెలను నిరపాయం చేసింది. ఓజోను పొరకు దానివల్ల హాని ఉన్నదని శాస్త్రజ్ఞులు 1974లోగాని గుర్తించలేదు. ఆకులు సూర్యకాంతిని ఎలా పట్టుకొంటాయో తెలుసుకోవడానికి సొంత ధనం వెచ్చించాడు. 1945లో న్యూయార్కులో స్థాపితమైన క్యాన్సర్ పరిశోధన సంస్థకు స్లోన్ పేరుతోపాటు ఆయన పేరు పెట్టారు. 1947లో ఉద్యోగ విరమణ చేసి, 1958 నవంబరులో ఎనభైరెండో ఏట డేటన్ దగ్గరి స్వగృహంలో మరణించాడు. ఆ ప్రాంతంలో ఆయన పేరుతోనే ఒక పట్టణం వెలసింది. ఆయన పేర 186 పేటెంట్లు ఉన్నాయి.

ఆయన పోయిన ఏడేళ్లకు, 1965లో, క్లేర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు మనుషుల శరీరాలలో చేరిన సీసం ప్రకృతిసిద్ధమైనది కాదని లోకానికి చాటాడు. అది పసిపిల్లల మేధస్సును కుంటుపరుస్తుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. అమెరికా 1970ల నుంచి క్రమంగా దానిని తగ్గిస్తూ వచ్చి 1996లో కార్లకు పూర్తిగా నిషేధించింది. భారతదేశంలో 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. లోకంలో చిట్టచివరి బంకు అల్జీరియాలో 2021లో మూతపడింది. కెటరింగు పక్కకు పెట్టిన మద్యసారమే 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లకు చేరింది.

ఇంధనం మారినప్పుడు రవ్వ వేళ కూడా మారాలి. కొత్త కార్లలో ఇంజను దిమ్మకు తగిలించిన ఒక చెవివంటి సాధనం మోతను విని, కంప్యూటరుకు చెప్పి, తక్షణమే వేళను వెనుకకు జరిపిస్తుంది. పాయింట్లున్న పాత ఇంజనుకు ఆ చెవి లేదు. దాని యజమాని ఎత్తు మీద మోత విని బండి ఆపి, మూత ఎత్తి, బోల్టు వదులు చేసి, ఏళ్లుగా కరుచుకొని ఉన్న కుండ సందులో నూనె పోసి, తెల్లవారేదాకా ఎదురుచూడవలసిందే.